పేరు చెరిగిన యంత్రం: పాత మోటారు సైకిలు ఇంజన్ల గుర్తింపులో ఆధారాల తారతమ్యం

వ్యాససంగ్రహం

మోటారు సైకిలు చట్రం నుండి విడిపోయి, పేరు గాని, సంఖ్య గాని స్పష్టంగా లేని పాత ఇంజను దొరికినప్పుడు దాని తయారీదారును, రకాన్ని, కాలాన్ని నిర్ణయించడం ఎలా? 20వ శతాబ్దపు తొలి భాగంలో బ్రిటన్‌లో ఇంజను తయారీదారు ఒకరు, వాహనం తయారీదారు మరొకరు కావడం సాధారణం. ఈ సమస్యకు మూలం అక్కడే ఉంది. లండన్‌లోని జె.ఏ.పి. ఇంజన్లను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, నిర్మాణం, కొలతలు, మర చుట్లు, పోతగుర్తులు, ముద్రిత సంఖ్యలు, అదనపు పరికరాలు అనే ఆధారాల బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మార్చడానికి ఎంత కష్టమైతే ఆధారానికి అంత విలువ అన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: మోటారు సైకిలు చరిత్ర, ఇంజను గుర్తింపు, జె.ఏ.పి., కాలనిర్ణయం, బోరు, స్ట్రోకు, ఇంజను సంఖ్య, వింటేజ్ వాహనాలు.

1. ఉపోద్ఘాతం

సాహిత్యచరిత్రలో కవి కాలాన్ని నిర్ణయించేటప్పుడు అంతస్సాక్ష్యాలను, బహిస్సాక్ష్యాలను వేరువేరుగా పరిశీలించడం తెలుగు పరిశోధకులకు చిరపరిచితమైన పద్ధతి. తామ్రశాసనంలో చెప్పిన తేదీకి, అది చెక్కిన లిపికి పొసగకపోతే దానిని కూటశాసనంగా అనుమానిస్తాం. శాసనం తన గురించి తాను చెప్పుకొన్న మాట కంటే, దాని లిపి తెలియకుండానే వెల్లడించే విషయం ఎక్కువ నమ్మదగినది. లోహంతో చేసిన యంత్రానికీ ఈ సూత్రం వర్తిస్తుంది.

పాత మోటారు సైకిళ్ల విషయంలో ఈ పరిశీలన అవసరం కేవలం కుతూహలం వల్ల కలిగింది కాదు. తప్పుగా గుర్తించిన ఇంజనుకు సరిపడని విడిభాగాలు అమరుస్తారు. దాని కోసం అసలు భాగాలను కోసి, అరగదీసి, శాశ్వతంగా పాడుచేస్తారు. విలువ తక్కువైన యంత్రాన్ని ప్రసిద్ధ వాహనపు ఇంజనుగా చూపి అమ్మే అవకాశమూ ఉంది. మనదేశంలో 2021 తరువాత వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. అందుచేత ‘ఇది ఏ ఇంజను?’ అన్న ప్రశ్నకు చట్టపరమైన ప్రాధాన్యం కూడా ఏర్పడింది.

2. సమస్యకు చారిత్రక నేపథ్యం

ట్యాంకు మీద ఒక పేరు, ఇంజను మీద వేరొక పేరు కనిపించగానే ఇంజను మార్చారని అనుకోవడం సహజం. కాని తొలికాలపు మోటారు సైకిళ్లలో అది అసలు స్థితే కావచ్చు. బ్రిటన్‌లో సైకిళ్లు చేసే సంస్థలు చట్రాన్ని తామే తయారుచేసుకొని ఇంజనును బయటినుండి కొని మోటారు సైకిళ్ల వ్యాపారంలో ప్రవేశించాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1901లోను, ట్రయంఫ్ 1902లోను తయారుచేసిన తొలి మోటారు సైకిళ్లకు బెల్జియం దేశపు మినర్వా ఇంజన్లను వాడాయి. ఫ్రాన్సుకు చెందిన డి డియాన్-బూతోఁ సంస్థ ఇంజన్లను అనేక దేశాల వారు కొన్నారు, అనుకరించారు కూడా.

1907లో జరిగిన మొదటి ఐల్ ఆఫ్ మాన్ టి.టి. పందెం ఈ స్థితికి చక్కని నిదర్శనం. ఏక సిలిండరు తరగతిలో చార్లీ కొల్లియర్ మాచ్‌లెస్ వాహనంపై నెగ్గాడు. అందులోని ఇంజను జె.ఏ.పి. వారిది. జంట సిలిండర్ల తరగతిలో రెమ్ ఫౌలర్ నార్టన్ వాహనంపై నెగ్గాడు. అందులోని ఇంజను ఫ్రాన్సు దేశపు ప్యూజో. చరిత్ర పుస్తకాల్లో మాచ్‌లెస్, నార్టన్ విజయాలుగా నమోదైన ఈ రెండింటిలోనూ వాహనం పేరు ఇంజను పేరు కాదు.

ఇంజన్లను అమ్మే సంస్థల్లో ప్రముఖమైనది జె.ఏ.పి. జాన్ ఆల్ఫ్రెడ్ ప్రెస్ట్‌విచ్ (1874-1952) అన్న ఇంజనీరు పేరులోని మొదటి అక్షరాలే ఈ సంస్థకు పేరయ్యాయి. ఉత్తర లండన్‌లోని టాటెన్‌హామ్‌లో 1895 ప్రాంతంలో మొదలైన ఈ సంస్థ శాస్త్రీయ పరికరాలను, చలనచిత్ర యంత్రాలను తయారుచేసేది. 1903లో 293 సి.సి. సామర్థ్యం గల మొదటి మోటారు సైకిలు ఇంజను వెలువడింది. దానిని వాడిన వారిలో ట్రయంఫ్ ఒకటి. తరువాతి దశాబ్దాల్లో బ్రౌ సుపీరియర్, జెనిత్, హెచ్.ఆర్.డి., కాటన్, కొవెంట్రీ ఈగిల్, ఓ.కె. సుప్రీమ్ వంటి ఎన్నో పేర్ల కింద ఈ ఇంజన్లు నడిచాయి. మోర్గాన్ మూడుచక్రాల కార్లలోను, 1909లో ఎ.వి. రో ఎగురవేసిన ట్రైప్లేన్ విమానంలోను ఉన్నవి జె.ఏ.పి. ఇంజన్లే.

ఇతర ఇంజను తయారీదారులూ ఉన్నారు. వుల్వర్‌హాంప్టన్‌లోని విలియర్స్ టూ స్ట్రోక్ ఇంజన్లకు ప్రసిద్ధం. సర్రే ప్రాంతపు బ్లాక్‌బర్న్, నాటింగ్‌హామ్‌లోని స్టర్మీ-ఆర్చర్, జెనీవాలోని ఎం.ఏ.జి. కూడా చెప్పుకోదగినవి. రడ్జ్ సంస్థ తన ఇంజన్లనే ‘పైథాన్’ అన్న పేరుతో ఇతరులకు అమ్మింది. కాబట్టి అజ్ఞాత ఇంజను విషయంలో మొదటి ప్రశ్న ‘ఇది ఏ మోటారు సైకిలుది?’ కాదు. ‘దీనిని ఎవరు పోతపోశారు?’ అన్నది మొదట తేలాలి. ఏ వాహనంలో కూర్చున్నది అన్నది తరువాతి ప్రశ్న. దానికి ఇంజను ఒక్కటే సమాధానం చెప్పలేకపోవచ్చు.

3. ఇది మోటారు సైకిలు ఇంజనేనా?

గుర్తింపులో తరచు దాటవేసే మెట్టు ఇది. ఇంజను తయారీదారులు మోటారు సైకిళ్లకే పరిమితం కాలేదు. పంపులకు, విద్యుజ్జనకాలకు, వ్యవసాయ యంత్రాలకు, గడ్డికోత యంత్రాలకు కూడా ఇంజన్లు చేశారు. 1921లో వచ్చిన ఆట్కో గడ్డికోత యంత్రంలో విలియర్స్ 269 సి.సి. ఇంజను ఉండేది. 1913 నుండి మోటారు సైకిళ్లలో నడిచిన టూ స్ట్రోక్ ఇంజను సామర్థ్యమూ అదే.

వేగాన్ని ఒకే స్థాయిలో నిలిపే గవర్నరు, గాలిని మళ్లించే రేకు తొడుగు, నేలమీద నిలబెట్టి బిగించడానికి వీలైన చదునైన పీఠం కనిపిస్తే స్థిరయంత్రంగా అనుమానించాలి. మోటారు సైకిలు ఇంజనుకు సాధారణంగా క్రాంక్‌కేసు ముందు వెనుకల చట్రపు పలకలకు బిగించే చెవులు ఉంటాయి. ఒక పక్కన గేర్‌బాక్సుకు శక్తినందించే చైను పళ్లచక్రం కూర్చునే ఇరుసు ఉంటుంది. నీటితో చల్లబడే పెద్ద జంట సిలిండర్ల ఇంజనైతే అది మూడుచక్రాల కారుది కావచ్చునని గుర్తుంచుకోవాలి.

4. నిర్మాణం, కొలతలు: మార్చరాని సాక్ష్యాలు

4.1 వాల్వుల అమరిక, సిలిండర్ల కోణం

పేరు కోసం వెతకడానికి ముందే ఇంజను స్వరూపాన్ని వర్ణించి రాసుకోవడం మంచి పద్ధతి. అది టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? ఫోర్ స్ట్రోక్ అయితే వాల్వులు సిలిండరు పక్కన ఉన్నాయా, పైన ఉన్నాయా? లోపలికి మిశ్రమాన్ని వదిలే వాల్వు పిస్టను పీల్పుకు దానంతటదే తెరుచుకొనే రకమైతే అది శతాబ్దారంభపు నిర్మాణం. ఫ్లైవీల్ క్రాంక్‌కేసుకు బయట ఉన్న బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్ అయితే బ్లాక్‌బర్న్ పేరు మొదట తలపునకు రావాలి.

రెండు సిలిండర్లు ‘వి’ ఆకారంలో ఉంటే వాటి మధ్య కోణాన్ని కొలవాలి. హార్లీ-డేవిడ్‌సన్‌లో అది 45 డిగ్రీలు, అమెరికాలోని ఇండియన్ సంస్థ ఇంజన్లలో 42 డిగ్రీలు, జె.ఏ.పి. జంట ఇంజన్లలో సాధారణంగా 50 డిగ్రీలు. విన్సెంట్ సంస్థ తొలి రాపిడ్ ఇంజనులో 47 డిగ్రీలుండగా, యుద్ధానంతర రూపంలో 50 డిగ్రీలయ్యాయి. ఈ కోణం క్రాంక్‌కేసు పోతలోనే నిర్ణయమవుతుంది. దానిని మార్చాలంటే క్రాంక్‌కేసునే మార్చాలి.

4.2 బోరు, స్ట్రోకు

సిలిండరు లోపలి వ్యాసాన్ని బోరు అని, పిస్టను పైకొసకు, కింది కొసకు మధ్య ప్రయాణించే దూరాన్ని స్ట్రోకు అని అంటారు. ఈ రెండింటినుండి సామర్థ్యాన్ని లెక్కించవచ్చు. కాని గుర్తింపుకు సామర్థ్యం కంటే ఈ రెండు కొలతలే విడివిడిగా ఎక్కువ ఉపయోగపడతాయి. వాడుకలో ‘ఐదువందల ఇంజను’ అని పిలిచే ఏక సిలిండరు ఇంజన్లను పోల్చి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

నార్టన్ 16 హెచ్: బోరు 79 మి.మీ., స్ట్రోకు 100 మి.మీ., సామర్థ్యం 490 సి.సి.
బి.ఎస్.ఏ. ఎం 20: బోరు 82, స్ట్రోకు 94, సామర్థ్యం 496 సి.సి.
జె.ఏ.పి. స్పీడ్‌వే ఇంజను: బోరు 80, స్ట్రోకు 99, సామర్థ్యం 498 సి.సి.
రడ్జ్ అల్‌స్టర్: బోరు 85, స్ట్రోకు 88, సామర్థ్యం 499 సి.సి.
రాయల్ ఎన్‌ఫీల్డ్ 500 బుల్లెట్: బోరు 84, స్ట్రోకు 90, సామర్థ్యం 499 సి.సి.

సామర్థ్యంలో ఈ అయిదింటి మధ్య తేడా 2 శాతానికి మించదు. ఆ లెక్కన అన్నీ ఒకటే. స్ట్రోకును చూస్తే 88 నుండి 100 మి.మీ. వరకు స్పష్టంగా విడిపోతాయి.

బోరు, స్ట్రోకులలో కూడా రెండోదానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. అరిగిన సిలిండరుకు బోరింగు చేయించి పెద్దసైజు పిస్టను వేయడం మరమ్మతులలో నిత్యకృత్యం. అలా బోరు అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో పెరుగుతుంది. ఉదాహరణకు 80 మి.మీ. సిలిండరును 81 మి.మీ.కు పెంచితే 498 సి.సి. ఇంజను 510 సి.సి. అవుతుంది. సామర్థ్యాన్ని మాత్రమే నమ్ముకొన్నవారికి ఆ ఇంజను ఏ పట్టికలోనూ దొరకదు. స్ట్రోకును నిర్ణయించేది ఫ్లైవీళ్ల కేంద్రానికి, క్రాంక్‌పిన్నుకు మధ్యనున్న దూరం. అది సాధారణ మరమ్మతులలో మారదు. కనుక మొదట స్ట్రోకును సరిగ్గా కొలిచి, దానికి తగిన మూలపు బోరును తరువాత ఊహించడం సరైన క్రమం. స్పార్కు ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉన్న ఇంజనులో అందులోంచి కడ్డీ దించి కొలిస్తే స్ట్రోకు తప్పుగా వస్తుంది. హెడ్ ఊడదీయగలిగినదైతే దానిని తీసి సిలిండరు అంచు నుండి కొలవడమే నమ్మదగినది.

4.3 మర చుట్ల సాక్ష్యం

భాషలో మాండలికం ఎట్లాగో యంత్రంలో నట్టు బోల్టుల మర చుట్లు అట్లా అది పుట్టిన చోటును పట్టి ఇస్తాయి. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన బ్రిటిష్ మర చుట్ల కోణం 55 డిగ్రీలు. 1908లో వచ్చిన బ్రిటిష్ సన్నమరకూ అదే కోణం. సైకిలు పరిశ్రమ కోసం ఏర్పడిన మరకు కోణం 60 డిగ్రీలు. అందులో అంగుళానికి 26 చుట్లుండే రకం మోటారు సైకిళ్లలో విరివిగా కనిపిస్తుంది. ఐరోపా ఖండపు యంత్రాలలో కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది. మర కొలిచే గేజి ఒకటి ఉంటే కొద్ది నిమిషాలలో ఇంజను జన్మదేశం గురించి బలమైన ఊహ చేయవచ్చు.

అయితే ఒక బోల్టును చూసి నిర్ణయించరాదు. పాడైన మరను పెద్దది చేసి వేరే కొలత బోల్టు వేయడం సాధారణం. క్రాంక్‌కేసులో లోతుగా ఉండే స్టడ్డులు, ఇరుసు కొసల మరలు ఇటువంటి మార్పులకు తక్కువగా లోనవుతాయి. వాటినే పరీక్షించాలి.

5. ముద్రిత సంఖ్య: చదవడం, సందేహించడం

5.1 జె.ఏ.పి. సంకేత విధానం

జె.ఏ.పి. ఇంజను మీద కొట్టిన అక్షరాలు, అంకెలు యాదృచ్ఛికమైనవి కావు. మొదటి అక్షరం బోరు, స్ట్రోకుల జతను సూచిస్తుంది. తరువాతి అక్షరాలు నిర్మాణ విశేషాలను చెబుతాయి. ‘టి’ అంటే జంట సిలిండర్లు, ‘ఓ’ అంటే పైన వాల్వులు, ‘డబ్ల్యు’ అంటే నీటి చల్లదనం, ‘జెడ్’ అంటే ఇంజనులో తిరిగిన చమురును మళ్లీ తొట్టెకు చేర్చే డ్రై సంప్ పద్ధతి.

‘ఎల్-టి-ఓ-డబ్ల్యు-జెడ్’ అన్న ప్రసిద్ధ సంకేతాన్ని ఈ పద్ధతిలో చదవవచ్చు. ‘ఎల్’ అంటే 85.7 మి.మీ. బోరు, 95 మి.మీ. స్ట్రోకు. రెండు సిలిండర్లు కలిపి 1096 సి.సి. పైన వాల్వులు, నీటి చల్లదనం, డ్రై సంప్. ఇది 1930ల తొలి సంవత్సరాల మోర్గాన్ మూడుచక్రాల కారులో వాడిన ఇంజను. దీనిని మోటారు సైకిలు చట్రంలో చూస్తే అది తరువాతి కూర్పని గ్రహించాలి. ఇక్కడ సంకేతం చెప్పిన ప్రతి అంశాన్నీ యంత్రం మీద సరిచూడవచ్చు. ‘డబ్ల్యు’ ఉన్న ఇంజనుకు గాలికి చల్లబడే రెక్కల సిలిండర్లుంటే, సిలిండర్లో, క్రాంక్‌కేసో, లేక సంఖ్యో అసలైనది కాదు.

సంవత్సరాన్ని సూచించడానికి 1920లలో ఆంగ్లంలోని ‘న్యూమాటిక్స్’ అన్న పదాన్ని తాళపుచెవిగా వాడారు. ఉచ్చారణలో వినిపించని మొదటి అక్షరంతో కలిపి ఆ పదంలో పది అక్షరాలున్నాయి. ఏదీ రెండుసార్లు రాదు. పి 1920, ఎన్ 1921, ఇ 1922, యు 1923, ఎం 1924, ఏ 1925, టి 1926, ఐ 1927, సి 1928, ఎస్ 1929.

ఈ విధానం సులభంగా కనిపించినా చదివేవారు మూడు విషయాలలో జాగ్రత్త వహించాలి. ఒకటి, ఒకే అక్షరం స్థానాన్నిబట్టి రెండు అర్థాలిస్తుంది. ‘టి’ రకపు సంకేతంలో ఉంటే జంట సిలిండర్లు, సంవత్సర స్థానంలో ఉంటే 1926. రెండు, అరిగిన ముద్రలో 1927ను సూచించే ‘ఐ’ అక్షరానికి, ఒకటి అంకెకు తేడా కనిపించదు. ‘ఎస్’కు, అయిదుకూ ఇదే చిక్కు. మూడు, ఈ అక్షరం చెప్పేది ఇంజను తయారైన సంవత్సరం. వాహనం అమ్ముడైన సంవత్సరం కాదు. బ్రిటన్‌లో మరుసటి ఏటి నమూనాలను శరదృతువులోనే ప్రదర్శించేవారు. కాబట్టి 1926 నాటి ఇంజను 1927 నమూనా వాహనంలో ఉండటంలో వైరుధ్యమేమీ లేదు.

5.2 కూటముద్రలు

సంఖ్య సమాచారసమృద్ధమైన సాక్ష్యమే కాని, సుత్తి, అక్షరపు అచ్చులు ఉన్న ఎవరైనా దానిని సృష్టించగలరు. ప్రలోభమూ తక్కువేమీ కాదు. నాటింగ్‌హామ్‌లో 1919 నుండి 1940 వరకు తయారైన బ్రౌ సుపీరియర్ వాహనాలు సుమారు మూడువేలు మాత్రమే. నేడు వాటి ధర చాలా ఎక్కువ. వాటిలో ఎన్నింటికో జె.ఏ.పి. ఇంజన్లుండేవన్నది నిజం. అయినా పెద్ద జె.ఏ.పి. జంట ఇంజను దొరికినంత మాత్రాన అది బ్రౌ సుపీరియర్‌ది కాదు. అదే ఇంజనును ఇతరులూ కొన్నారు. పైగా 1930ల నడుమ నుండి బ్రౌ సుపీరియర్ ప్రధాన నమూనాలకు మాచ్‌లెస్ ఇంజన్లు వచ్చాయి.

ముద్రను పరీక్షించేటప్పుడు అక్షరాలకంటే ముందు వాటి చుట్టూ ఉన్న తలాన్ని చూడాలి. పోతలోహానికి సహజమైన గరుకుదనం ఆ ఒక్క చోట అరిగిపోయి ఆకురాయి గీతలు కనిపిస్తే పాత సంఖ్యను తొలగించి ఉండవచ్చు. చుట్టూ ఉన్న తలమంతా తుప్పుతో, దెబ్బలతో ఉండగా సంఖ్య గీతల అంచులు మాత్రం పదునుగా ఉంటే అది కూడా అనుమానించదగిన లక్షణమే. సంఖ్యను కొట్టినప్పుడు అడుగునున్న లోహం కొంత లోతువరకు నలుగుతుంది. అందువల్ల పైభాగాన్ని అరగదీసిన తరువాత కూడా నేరపరిశోధన ప్రయోగశాలలు తగిన రసాయనాలతో పాత సంఖ్యను కొన్నిసార్లు తిరిగి కనిపింపజేయగలవు. ఇంట్లో చేయదగిన పరీక్ష కాదది.

విన్సెంట్ వంటి కొన్ని ఇంజన్లలో క్రాంక్‌కేసు రెండు సగాల మీద, అవి ఒకే జతవని తెలిపే సంఖ్యను విడిగా కొట్టేవారు. బయటి సంఖ్య ఎంత స్పష్టంగా ఉన్నా, ఈ జతసంఖ్యలు కలవకపోతే రెండు వేర్వేరు ఇంజన్ల సగాలను కలిపి బిగించారని అర్థం.

6. అదనపు పరికరాలు, సాంకేతిక దశలు: కాలావధుల విలువ

మాగ్నెటో, కార్బ్యురేటరు, డైనమో వంటివి ఇంజనుకు బిగించిన వేరే సంస్థల పరికరాలు. వీటి మీద పేరు స్పష్టంగా ఉండటం వల్ల చూపు మొదట వాటిపైనే పడుతుంది. అమాల్ సంస్థ 1927లో అమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అనే మూడు కార్బ్యురేటరు సంస్థల కలయికతో ఏర్పడింది. కాబట్టి అమాల్ పేరున్న కార్బ్యురేటరు అంతకుముందుది కాజాలదు. అది కార్బ్యురేటరుకు పూర్వావధి అవుతుంది, ఇంజనుకు కాదు. 1922 నాటి ఇంజనుకు 1935లో కొత్త కార్బ్యురేటరు వేసి ఉండవచ్చు. లూకాస్ పరికరాల మీద కనిపించే నెల, సంవత్సరపు ముద్రలనూ ఇలాగే చూడాలి. ప్రాచీన కావ్యంలోని ప్రక్షిప్తపద్యం ఆధారంగా కవి కాలాన్ని నిర్ణయించకూడదన్నట్టే, ఊడదీసి వేయదగిన భాగం ఆధారంగా ఇంజను కాలాన్ని నిర్ణయించకూడదు. అయితే మూడు నాలుగు పరికరాలు ఒకే కాలాన్ని సూచించి, ఇంజను నిర్మాణంతో ఏకీభవిస్తే అది మంచి ఉపబలకం.

సాంకేతిక దశలను బట్టి చేసే కాలనిర్ణయానికీ పరిమితులున్నాయి. ఇంజనులోకి వెళ్లిన చమురు కాలిపోయి, కారిపోయి మళ్లీ తొట్టెకు రాని పాత పద్ధతి 1920ల చివరికి వెనకబడి, చమురు తిరిగివచ్చే పద్ధతి వ్యాపించింది. దీనిని బట్టి పాత పద్ధతి ఉన్న ఇంజనును 1930కి ముందుదిగా నిర్ణయించాలనిపిస్తుంది. కాని జె.ఏ.పి. స్పీడ్‌వే ఇంజను 1930లో వచ్చి, ఆ తరువాత దశాబ్దాల పాటు అదే పాత చమురు పద్ధతితో కొనసాగింది. కొద్ది నిమిషాల పందేల కోసం చేసిన తేలికైన ఇంజనుకు అదే అనుకూలం. పాత లక్షణం పాత కాలానికే కాక ప్రత్యేక ప్రయోజనానికీ గుర్తు కావచ్చునని ఇది హెచ్చరిస్తుంది.

7. పత్రాలు, ప్రకటనలు: 1930 నాటి ఒక ఉదంతం

యంత్రం గురించి చెప్పే లిఖితాధారాలు యంత్రంకంటే నమ్మదగినవా? 1930 నవంబరు 6న ఐర్లాండ్‌లోని కార్క్ వద్ద జో రైట్ గంటకు 150 మైళ్లకు మించిన వేగంతో మోటారు సైకిలు ప్రపంచ రికార్డును నెలకొల్పాడు. ఆ రికార్డు ఓ.ఇ.సి. వాహనం పేరిట ప్రచారమైంది. లండన్ ఒలింపియా ప్రదర్శనలో ఆ వాహనాన్ని రికార్డు సాధించినదిగా ప్రదర్శించారు కూడా. నిజానికి ఆ రోజు ఓ.ఇ.సి. వాహనం చెడిపోగా, ప్రత్యామ్నాయంగా తెచ్చిన జెనిత్ వాహనంపై రైట్ ఆ వేగాన్ని అందుకొన్నాడు. ఈ సంగతి తరువాత బయటపడింది.

రెండు వాహనాలలోనూ సూపర్‌చార్జరుతో కూడిన జె.ఏ.పి. జంట ఇంజన్లే ఉన్నాయి. ‘జె.ఏ.పి. ఇంజను రికార్డు సాధించింది’ అన్న వాక్యం అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ‘ఈ వాహనం సాధించింది’ అన్న వాక్యం మాత్రం ప్రదర్శనశాలలో అందరి కళ్లముందూ అసత్యంగా నిలిచింది. సమకాలిక ప్రకటన, ఛాయాచిత్రం, ప్రదర్శన ఫలకం, అమ్మకపు రసీదు వంటివి కూడా పరీక్షించవలసిన సాక్ష్యాలే తప్ప పరీక్షకు అతీతమైనవి కావు.

8. భారతీయ సందర్భం

మనదేశంలో ఈ పద్ధతికి రెండు ప్రత్యేక సమస్యలు ఎదురవుతాయి. మొదటిది, ఒకే నిర్మాణం రెండు దేశాలలో కొనసాగడం. రెడిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థతో కలిసి మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడినా 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకుతో 346 సి.సి. గల బుల్లెట్ ఇంజను మద్రాసులో మరి నాలుగు దశాబ్దాలు నడిచింది. ఇక్కడ బోరు, స్ట్రోకు, వాల్వుల అమరిక ఏవీ బ్రిటిష్ ఇంజనునూ భారతీయ ఇంజనునూ వేరుచేయవు. పోతగుర్తులు, సంఖ్యల శైలి, కాలక్రమంలో వచ్చిన చిన్న నిర్మాణభేదాలు మాత్రమే తేల్చగలవు. అంటే సాక్ష్యాల విలువ స్థిరమైనది కాదు, అడిగే ప్రశ్ననుబట్టి మారుతుంది.

రెండోది, భాగాల కలగలుపు. విడిభాగాలు దొరకని కాలంలో మన మెకానిక్కులు యంత్రాలను నడిపించడానికి ఉన్న భాగాలతోనే సరిపెట్టారు. అంగుళాల కొలతలో పుట్టిన బుల్లెట్, మైసూరులో 1960ల నుండి తయారైన మిల్లీమీటర్ల కొలత జావా, రెండూ తెలుగు ప్రాంతపు షెడ్డుల్లో పక్కపక్కనే మరమ్మతుకు వచ్చాయి. అంగుళాల పానాలు, మిల్లీమీటర్ల పానాలు ఒకే పెట్టెలో ఉన్నచోట ఒకదాని బోల్టు మరొకదానిలో కనిపించడం వింతకాదు. ఇటువంటి మార్పులను కల్తీగా తోసిపుచ్చకూడదు. అవి ఆ యంత్రం మనదేశంలో గడిపిన జీవితానికి ఆధారాలు. వాటిని తొలగించే ముందు నమోదు చేయడం పరిశోధకుని బాధ్యత.

2021 జూలైలో కేంద్రప్రభుత్వం మోటారు వాహన నిబంధనలను సవరించి, మొదటి నమోదు నుండి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు వింటేజ్ నమోదు విధానాన్ని ప్రవేశపెట్టింది. అటువంటి వాహనాలకు ‘వి.ఏ.’ అక్షరాలతో కూడిన సంఖ్యలిస్తారు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించారు. వాహనం మూలరూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరగకూడదని నిబంధన. ‘మూలరూపం’ అన్న మాటకు అర్థం చెప్పాలంటే ఆ వాహనం ఏ ఇంజనుతో పుట్టిందో ముందు తెలియాలి. ట్యాంకు మీద ఒక పేరు, ఇంజను మీద మరొకటి ఉన్న 1920ల వాహనాన్ని మార్పుచేసినదిగా భావించి తిరస్కరిస్తే అది చరిత్రకు అన్యాయం. కొత్తగా కొట్టిన సంఖ్యను నమ్మి అంగీకరిస్తే అదీ అన్యాయమే.

9. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.

1. తొలికాలపు మోటారు సైకిళ్లలో వాహనం పేరు, ఇంజను పేరు వేరుకావడం సహజం. ఇంజనును గుర్తించడం, వాహనాన్ని గుర్తించడం రెండు వేరు సమస్యలు.

2. మార్చడం ఎంత కష్టమైతే సాక్ష్యం అంత బలమైనది. క్రాంక్‌కేసు నిర్మాణం, సిలిండర్ల కోణం, స్ట్రోకు ముందు వరుసలోను, లోపలి మర చుట్లు, పోతగుర్తులు తరువాతి వరుసలోను, ముద్రిత సంఖ్య ఆపైన, ఊడదీయదగిన పరికరాలు చివరన నిలుస్తాయి.

3. ముద్రిత సంఖ్య గుర్తింపుకు ప్రారంభం కాదు, పరీక్షకు పెట్టవలసిన వాంగ్మూలం. అది చెప్పిన ప్రతి అంశం యంత్రంతో పోల్చి చూడదగినది.

4. ఈ క్రమం యాంత్రికంగా వర్తించదు. రెడిచ్, మద్రాసు బుల్లెట్ల వంటి సందర్భాల్లో చిన్న సాక్ష్యమే నిర్ణాయకమవుతుంది.

5. ఫలితాన్ని చెప్పేటప్పుడు నిశ్చితం, సంభావ్యం, సాధ్యం అన్న స్థాయీభేదాన్ని పాటించాలి. ‘జె.ఏ.పి. జంట ఇంజను’ అన్నది నిశ్చితం, ‘1926 నాటిది’ అన్నది సంభావ్యం, ‘ఫలానా వాహనానిది’ అన్నది సాధ్యం మాత్రమే కావచ్చు. మూడింటినీ ఒకే వాక్యంలో ఒకే ధైర్యంతో చెప్పడం వల్లనే ఊహలు చరిత్రగా చెలామణి అవుతున్నాయి.

పేరు తెలియని ఇంజనుకు గొప్ప పేరు తగిలించడం కంటే, తేలినంతవరకే చెప్పి మిగిలినదానిని తరువాతి పరిశోధకునికి చెడగొట్టకుండా అప్పగించడం మేలు. అరగదీయని క్రాంక్‌కేసు, పారవేయని పాత బోల్టు, రాసిపెట్టిన కొలతల పట్టిక ఉంటే నేడు తేలని ప్రశ్నకు రేపు సమాధానం దొరకవచ్చు.